ఎఫ్ ఫైవ్ ఎవరి మీట?



తాడేపల్లిగూడెంలో ఏ బియ్యం మిల్లు ఆఫీసుకో, ఉల్లిపాయల కమీషన్ కొట్టుకో వెళ్లి, లెక్కలు రాసే గుమాస్తా పక్కన కాసేపు కూర్చోండి. ఎడమచేత్తో కాటా చీటీలు ఒక్కొక్కటే తిరగేస్తుంటాడు. కుడిచెయ్యి కీబోర్డు మీద దానంతటదే నడుస్తుంటుంది. ఎఫ్ ఫైవ్ కొడితే చెల్లింపు వోచర్. ఎఫ్ సిక్స్ కొడితే వసూలు. ఎఫ్ ఎయిట్ అమ్మకం, ఎఫ్ నైన్ కొనుగోలు. కొత్త వ్యాపారి పేరు తగిలితే ఆల్ట్, సీ కలిపి నొక్కి, బిల్లు మధ్యలోనే ఖాతా తెరిచేస్తాడు. అంకెలన్నీ కుదిరాయనుకున్నాక కంట్రోల్, ఏ. ఎంట్రీ పడిపోయింది. చూపు అప్పటికే తర్వాతి చీటీ మీద ఉంటుంది.

ఈ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ అని మీలో చాలామంది ఈపాటికే పోల్చుకుని ఉంటారు. 1986లో బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా కలిసి మొదలుపెట్టిన సంస్థది. అప్పటికి మన ఆఫీసుల్లో మౌసు అన్న వస్తువే అరుదు. అందుకని పనంతా మీటల మీదే సాగేలా దాన్ని కట్టారు. ఆ తర్వాత ఎన్ని మార్పులొచ్చినా ఆ మీటల్లో ముఖ్యమైనవి మారలేదు. ఏలూరులో బట్టల కొట్టు గుమాస్తాకీ, ఆకివీడులో చేపల ప్యాకింగ్ షెడ్డులో రాత్రిపూట ఐసు ఖర్చు, తవుడు బాకీ, లారీ డ్రైవరు అడ్వాన్సు రాసుకునే కుర్రాడికీ వేళ్లకి వచ్చిన విద్య ఒక్కటే.

అదే గుమాస్తా ఇప్పుడు బ్రౌజరు తెరిచాడనుకోండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటి నుంచి రిటర్నులనీ, ఈ-వే బిల్లులనీ రోజులో సగం పని వెబ్‌సైట్లలోనే. ఒక ఫారం సగం దాకా నింపి, చేతి అలవాటుకొద్దీ ఎఫ్ ఫైవ్ కొట్టాడు. బ్రౌజరు లెక్కలో ఆ మీటకి అర్థం, పేజీని మళ్లీ మొదటి నుంచి తెచ్చిపెట్టమని. నింపిందంతా పోవచ్చు. కంట్రోల్ ఏ కొట్టాడు. ఎంట్రీ పడలేదు సరికదా, గడిలో రాసిందంతా నీలం రంగు తేలి సెలెక్ట్ అయింది. ఆపైన పొరపాటున ఒక్క అక్షరం తగిలినా రాసిందంతా చెరిగిపోతుంది. ఎఫ్ ట్వెల్వ్ కొడితే టాలీలో సెట్టింగులు వస్తాయి. చాలా బ్రౌజర్లలో ప్రోగ్రామర్లు తప్ప ఇంకెవరూ చూడాల్సిన అవసరం లేని కోడు పలక ఒకటి తెరుచుకుంటుంది.

చెయ్యి అదే, మీట అదే. ఫలితం వేరు. మరి ఆ వెబ్‌సైటు కట్టినవాళ్లు తలుచుకుంటే దీన్ని మార్చగలరా? మార్చగలరు. బ్రౌజరు చెయ్యబోయే పనిని ఆపేసి, అదే మీటతో తమకి కావలసిన పని చేయించుకోవచ్చు. అలా చెయ్యడం మంచిదా, చేస్తే ఎంతవరకు చెయ్యాలి? ఈ పూట నా ప్రసంగం దాని గురించే. నా మాట ముందే చెప్పేస్తాను: మీట మీద మొదటి హక్కు దాన్ని నొక్కే చేతిది. ఆ తర్వాతే బ్రౌజరుది. వెబ్‌సైటుది ఆ తర్వాత.

ముందు, మనం ఒక మీట నొక్కితే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆ నొక్కు మొదట విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరుతుంది. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కడం లాంటివి అది తనే ఉంచేసుకుంటుంది. మిగిలినవి బ్రౌజరుకి ఇస్తుంది. బ్రౌజరు కొన్నింటిని తన దగ్గర అట్టేపెట్టుకుని, మిగతావి తెరిచి ఉన్న పేజీకి చూపిస్తుంది. ఫలానా మీట నొక్కారు, నీకేమైనా పని ఉందా అని అడిగినట్టన్నమాట. పేజీ ఊరుకుంటే బ్రౌజరు తన పని తను చేసుకుంటుంది. పేజీలో రాసిన ప్రోగ్రాము "ప్రివెంట్ డిఫాల్ట్" అనే ఆదేశం ఇస్తే మాత్రం బ్రౌజరు వెనక్కి తగ్గుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. పేజీలకి ప్రోగ్రాము రాసే భాష జావాస్క్రిప్ట్‌లో ఈ పని ఒక్క వరుసలో తేలిపోతుంది. అంత తేలిక కాబట్టే అనవసరంగా వాడేవాళ్లూ ఎక్కువ.

బ్రౌజరు అట్టేపెట్టుకునేవి ఏమిటి? క్రోమ్‌లో మామూలు కిటికీలో కంట్రోల్ ఎన్, కంట్రోల్ టీ, కంట్రోల్ డబ్ల్యూ. కొత్త కిటికీ, కొత్త ట్యాబ్, ఉన్న ట్యాబ్ మూసెయ్యడం. ఏ పేజీ ఎంత మొత్తుకున్నా వీటిని దానికివ్వదు. కారణం తేలికే. ఒక మోసపు పేజీ తెరుచుకుందనుకోండి. దాన్ని మూసే మీట కూడా దాని చేతిలోనే ఉంటే మనం బయటపడే దారేది?

కొల్లేరు చుట్టుపక్కల వాళ్లకి ఈ సంగతి చిటికెలో అర్థమవుతుంది. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు నేల ఎత్తుని బట్టి ఐదో కాంటూరు దాకా అని గీత గీశారు. ఆ గీతకి అవతల చెరువు తవ్వుకోవచ్చా లేదా అన్నది వేరే మాట, లోపల మాత్రం కూడదు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు కూడా. బ్రౌజరు గీసిన గీతా అలాంటిదే. కంట్రోల్ డబ్ల్యూ ఐదో కాంటూరు లోపలి నేల. కంట్రోల్ ఎస్, కంట్రోల్ ఎఫ్, ఎఫ్ ఫైవ్ లాంటివి గీత బయటివి. వాటిని తీసుకునే వీలు వెబ్‌సైటుకి ఉంది. వీలుంది కదా అని తీసుకోవడం న్యాయమా అన్నది మనం తేల్చుకోవాలి.

న్యాయంగా తీసుకున్న సందర్భాలు చూద్దాం. గూగుల్ డాక్స్‌లో ఉత్తరం రాస్తూ కంట్రోల్ ఎస్ కొట్టండి. మామూలుగా అయితే బ్రౌజరు ఆ వెబ్ పేజీని మన కంప్యూటర్లో ఫైలుగా దాచుకోమంటుంది. ఉత్తరం రాసేవాడికి దానితో ఏం పని? డాక్స్ ఆ మీటని తను తీసుకుని, మీరు రాసింది ఎప్పటికప్పుడు భద్రమవుతూనే ఉంది అని చెబుతుంది. నొక్కిన మనిషి కోరింది భద్రపరచడమే. అది జరిగింది. బ్రౌజరు అర్థం కంటే సైటు అర్థమే ఇక్కడ మనిషి ఉద్దేశానికి దగ్గర.

కంట్రోల్ ఎఫ్ కొంచెం చిక్కుది. వేల వరుసలున్న రిజిస్టరు తెర మీద ఉందనుకుందాం. వేగం కోసం చాలా సైట్లు కంటికి కనిపించే కొద్ది వరుసల్నే పేజీలో ఉంచి, మనం కిందికి జరిపేకొద్దీ మిగతావి తెస్తుంటాయి. బ్రౌజరు తన వెతుకులాట ఆ కొద్ది వరుసల్లోనే చేసి, అలాంటి పేరు లేదు పొమ్మంటుంది. పేరు ఉంటుంది, ఇంకా పేజీలోకి రాలేదంతే. అలాంటి చోట సైటు తన సొంత వెతుకుడు పెట్టె చూపించడం ధర్మమే. మరీ మర్యాద తెలిసిన సైట్లు ఇంకో పని చేస్తాయి. కంట్రోల్ ఎఫ్ ఒకసారి కొడితే తమ పెట్టె, రెండోసారి కొడితే బ్రౌజరు పెట్టె. మీట తీసుకున్నారు, కానీ తిరిగిచ్చే దారి కూడా ఉంచారు.

కొన్నిసార్లు మీట జోలికి పోనక్కర్లేకుండానే పనవుతుంది. కంట్రోల్ పీ కొడితే రైతుకిచ్చే పట్టీ కాగితం మీద సాఫుగా రావాలి. మెనూలూ, ప్రకటనలూ, రంగులూ రాకూడదు. దీనికోసం కొందరు ఆ మీటని లాక్కుంటారు. అక్కర్లేదు. పేజీ తెర మీద ఎలా ఉండాలో చెప్పినట్టే, కాగితం మీద ఎలా ఉండాలో కూడా స్టైల్ షీటులో విడిగా రాసిపెట్టుకోవచ్చు. అప్పుడు మీట బ్రౌజరు దగ్గరే ఉంటుంది, పట్టీ పట్టీలాగే వస్తుంది.

ఇక అన్యాయాలు. కుడి క్లిక్కు పనిచెయ్యని సైట్లు మీరు చూసే ఉంటారు. ఇది భద్రత కోసం అంటారు. నిజానికి పేజీ మన కంప్యూటర్లోకి వచ్చేశాక దాన్ని చూడదలుచుకున్నవాడికి ఇంకో పది దారులుంటాయి. అడ్డం పడేది మామూలు మనిషికే. పాస్‌వర్డ్ గడిలో పేస్టు చెయ్యనివ్వకపోవడం ఇంకొకటి. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం 2017లోనే, పాస్‌వర్డులు పేస్టు చేసుకోనివ్వండి అని వెబ్‌సైట్లకి విడమరిచి చెప్పింది. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా పేస్టుని అనుమతించాలనే సూచించింది. పేస్టు కుదరకపోతే జనం పొడుగాటి పాస్‌వర్డులు మానేసి, తేలిగ్గా టైపు కొట్టగలిగే పొట్టివి పెట్టుకుంటారు. భద్రత పెరక్కపోగా తరుగుతుంది.

బ్యాంకు ఖాతా నంబరు రెండుసార్లు అడిగే చోట మాత్రం వాళ్ల వాదనలో పస ఉంది. మొదటి గడిలో తప్పు కొట్టి, అదే తప్పుని రెండో గడిలోకి కాపీ చేస్తే రెండుసార్లు అడిగిన ప్రయోజనమే పోతుంది. కాబట్టి రెండో గడికి పేస్టు ఆపితే అర్థం చేసుకోవచ్చు. పేజీ అంతటికీ ఆపితే మాత్రం కుదరదు.

ఎఫ్ ఫైవ్‌ని కట్టేసే సైట్ల సంగతి చెప్పాలి. డబ్బు కట్టే పేజీలో ఇది ఎక్కువ. రిఫ్రెష్ కొడితే రెండుసార్లు డబ్బు పోతుందనే భయం. కొల్లేరు లంక గ్రామాల్లో కూర్చుని ఆలోచించండి. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. పేజీ సగం వచ్చి ఆగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అక్కడున్న మనిషికి రిఫ్రెష్ ఒక్కటే మందు. దాన్నీ కట్టేస్తే అతనేం చెయ్యాలి? ట్యాబ్ మూసి మళ్లీ మొదలుపెడతాడు. ఏ ప్రమాదం తప్పిద్దామనుకున్నారో అదే జరుగుతుంది. అసలు వైద్యం సర్వరు దగ్గర ఉంది. ప్రతి చెల్లింపుకీ ముందే ఒక నంబరు కేటాయించి, అదే నంబరు రెండోసారి వస్తే "ఇది ఇదివరకే అయిపోయింది" అని రసీదు చూపిస్తే చాలు. మనిషి పదిసార్లు రిఫ్రెష్ కొట్టినా డబ్బు ఒక్కసారే పోతుంది. సర్వరు పని సర్వరు దగ్గర చెయ్యక, బరువు తెచ్చి మీట మీద పెట్టడమే తప్పు.

అలాగని బ్రౌజరు పెట్టిన అర్థాలన్నీ వేదవాక్కులేం కావు. ఒకప్పుడు బ్యాక్‌స్పేస్ కొడితే వెనకటి పేజీకి వెళ్లిపోయేది. గడిలో కర్సరు ఉందనుకుని, అక్షరం చెరుపుదామని ఆ మీట కొట్టి ఫారమంతా పోగొట్టుకున్నవాళ్లు లోకమంతా ఉన్నారు. 2016లో క్రోమ్ తన 52వ వెర్షన్‌లో ఆ అలవాటు మానుకుంది. 2021లో ఫైర్‌ఫాక్స్ 87వ వెర్షన్‌తో అదే దారి పట్టింది. జనం నష్టపోతున్నారని తేలినప్పుడు బ్రౌజర్లే తగ్గాయి.

తెలుగులో టైపు చేసేవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. దీన్ని మనవాళ్లు కాక ఇంకెవరు పట్టించుకుంటారు? జీమెయిల్ లాంటి చోట జే కొడితే ఒక ఉత్తరం, కే కొడితే ఇంకో ఉత్తరం అంటూ ఒంటరి అక్షరాల మీటలుంటాయి. మనం కోరి పెట్టుకుంటేనే అవి పనిచేస్తాయి, అది వాళ్ల మంచితనం. ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు అమ్మాయి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో దరఖాస్తుదారు పేరు తెలుగులో కొడుతోందనుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో జే మీట మీద ఉండేది "ర". ఆ అమరికలో ఉండగానే ఆమె సైటు షార్ట్‌కట్ కొట్టిందనుకోండి, సైటు "జే అక్షరం వచ్చిందా" అని చూస్తే ఎప్పటికీ రాదు, మీట పనిచెయ్యదు. అక్షరాన్ని కాకుండా కీబోర్డు మీద మీట ఉన్న స్థానాన్ని చూసే ఏర్పాటు కూడా బ్రౌజర్లలో ఉంది. ప్రోగ్రామరుకి మన కీబోర్డు గుర్తుంటే అది వాడతాడు.

ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ల కష్టం ఇంకోటి. పదం కొట్టగానే కింద నాలుగైదు రూపాలు కనిపిస్తాయి. కావలసిన రూపం మీదికి వెళ్లి ఎంటర్ కొడతాం. సైటు ఆ ఎంటర్‌ని "పంపించు" అనుకుంటే? వాక్యం సగంలోనే వెళ్లిపోతుంది. పదం ఇంకా కూర్పులోనే ఉందని బ్రౌజరు పేజీకి చెబుతుంది. ఆ మాట విని ఆగడమే సైటు చెయ్యాల్సింది.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వాళ్లు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లతో పేజీని వింటారు. అందులో హెచ్ కొడితే తర్వాతి శీర్షిక, కే కొడితే తర్వాతి లింకు. అంటే ఒంటరి అక్షరాల్లో చాలావరకు వాళ్లకి అప్పటికే పనిముట్లు. గొంతుతో కంప్యూటరు నడిపేవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పైకి అన్న మాట ఒక్కో అక్షరంగా పేజీలో పడి, ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞగా పేలుతుంది. అందుకే 2018లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.1 అనేవి, దీనికి ఒక నియమం పెట్టాయి. ఒంటరి అక్షరపు మీట పెడితే దాన్ని ఆపేసుకునే వీలైనా ఉండాలి, మార్చుకునే వీలైనా ఉండాలి, లేదా సంబంధించిన గడిలో ఉన్నప్పుడు మాత్రమే అది పనిచెయ్యాలి.

మీటలన్నీ కట్టేసినా ఒప్పుకోవలసిన చోటు ఒకటుంది. అది పరీక్ష హాలు. మన రాష్ట్రంలో 2017 నుంచి ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, కంప్యూటరు మీదే రాస్తున్నారు. అలాంటి హాల్లో పిల్లల చేతికి మౌసు ఇచ్చి, కీబోర్డు ముట్టుకోవద్దంటారు. ఆ యంత్రం ఆ మూడు గంటలూ పరీక్ష పెట్టేవాళ్లది. రాసేవాళ్లకి ఆ సంగతి ముందే తెలుసు. మన ఇంట్లో, మన ఆఫీసులో ఉన్న యంత్రానికి ఆ న్యాయం వర్తించదు.

మరి మన గూడెం గుమాస్తాకి వెబ్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ కట్టాలంటే ఎలా కట్టాలి? తాడేపల్లిగూడెంలోనే నిట్ ఉంది. ఏలూరులో, భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. రేపు ఇలాంటివి కట్టబోయే పిల్లలు ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు, వాళ్ల కోసం చెబుతున్నాను. ఎఫ్ ఎయిట్, ఎఫ్ నైన్ మీటల మీద చాలా బ్రౌజర్లకి పెద్ద పట్టింపు లేదు. అమ్మకానికి, కొనుగోలుకి వాటిని నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఎఫ్ ఫైవ్ చేసే పనే కంట్రోల్ ఆర్ కూడా చేస్తుంది. కాబట్టి ఎంట్రీ పేజీలో ఎఫ్ ఫైవ్‌ని చెల్లింపుకి తీసుకున్నా, కంట్రోల్ ఆర్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే రిఫ్రెష్ దారి మూసుకుపోదు. కంట్రోల్ ఏ మాత్రం తీసుకోకండి. గడిలో రాసింది మొత్తం ఎంచుకుని దిద్దుకోవడానికి అందరికీ అది కావాలి. దాని బదులు కంట్రోల్ ఎంటర్ ఇవ్వండి. ఈ మార్పులన్నిటినీ సెట్టింగుల్లో ఒక్క స్విచ్చు కింద పెట్టండి. "టాలీ అలవాటు మీటలు కావాలా?" అని అడగండి. కావాలన్నవాళ్లకి ఇవ్వండి, అక్కర్లేదన్నవాళ్లని వదిలెయ్యండి. ఏ మీటకి ఏ పనో బొత్తాము పక్కనే రాయండి. అన్నిటికంటే ముందు, సగం నింపిన ఫారం ఎప్పటికప్పుడు దాచిపెట్టండి. పేజీ వదిలి వెళ్లబోతుంటే "నిజంగా వెళ్తారా" అని బ్రౌజరు చేత అడిగించే వీలూ ఉంది, అదీ వాడండి. రాసింది పోదన్న ధీమా ఉంటే, ఏ మీట తప్పు కొట్టినా కొంపలేం మునగవు.

వాడుకునే మనకీ కొన్ని ఉపాయాలున్నాయి. పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి కొట్టండి, తిరిగొస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో కుడి క్లిక్కు ఆపేసిన పేజీలో షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్కు కొడితే మెనూ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనే పేజీ సమాచారంలో అనుమతుల దగ్గర, కీబోర్డు షార్ట్‌కట్లని ఈ సైటు మార్చవచ్చా లేదా అని మనమే తేల్చే వీలుంది. వద్దని పెడితే సైటు మీటల్ని లాక్కోలేదు.

ఇక, ఏ మిల్లు యజమాని అయినా, చేపల కంపెనీ ఆసామి అయినా కొత్త సాఫ్ట్‌వేర్ కొనబోయే ముందు ఒక్క పని చెయ్యండి. అమ్మకానికి వచ్చిన మనిషి తన చేత్తో చూపించే డెమో చూసి డబ్బు కట్టకండి. మీ గుమాస్తాని కూర్చోబెట్టి, నిన్నటి చీటీలిచ్చి, సాయంత్రం దాకా ఎంట్రీ కొట్టమనండి. ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ రాసింది పోయిందో అతన్నే రాసిపెట్టమనండి. ఆ కాగితం అమ్మేవాళ్ల చేతిలో పెట్టి, ఇవి సరిచేశాక రండి అని చెప్పండి. బేరం అప్పుడు మాట్లాడుకోవచ్చు.